నువ్వు రాయకుండా వదిలేసిన ‘టు’

చిత్తూరు,
ఆదివారం.

చి.ల.సౌ. వసుధకు నాన్న ఆశీర్వదించి రాయునది.

ఇక్కడ అందరమూ క్షేమం. అమ్మకు మోకాళ్ల నొప్పి కాస్త తగ్గింది. చిన్నబ్బి బెంగళూరులో చేరిపోయాడు. నువ్వు ఫోను చేసి 23 రోజులైంది. అయినా దాని గురించి అడగడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. నువ్వు చివరగా పంపిన సందేశంలోని ఒక ఇంగ్లీషు క్రియ గురించి మాత్రమే రాద్దామని కూర్చున్నాను. ‘మా గురించి అడగొద్దు నాన్నా, వి క్లీవ్’ అని రాశావు.

ఆ మాట నీకు నేర్పింది నేనే. చీల్చడమూ, విడవకుండా అంటిపెట్టుకోవడమూ రెండూ దాని అర్థాలే. పాత ఇంగ్లీషులో ఈ రెండు పనులకూ వేర్వేరు క్రియలు ఉండేవి. కాలం గడిచేకొద్దీ వాటి ఉచ్చారణా వర్ణక్రమమూ కలిసిపోయి, ఈనాడు ఒకే రూపంలో కనబడుతున్నాయి. అయితే గుర్తుపట్టే దారులు ఉన్నాయి. అంటిపెట్టుకోవడమైతే వెంట ‘టు’ ఉండాలి. 1611 నాటి ఇంగ్లీషు బైబిలులో పురుషుడు తల్లిదండ్రులను విడిచి భార్యను హత్తుకుంటాడని చెప్పేచోట కూడా క్లీవ్ పక్కన ‘అన్‌టు’ ఉంది. భూతకాలంలో క్లెఫ్ట్, క్లోవ్ అనేవి చీలడానికే చెల్లుతాయి. గ్రహణమొర్రిని క్లెఫ్ట్ లిప్ అనేది అందుకే. నువ్వేమో వర్తమానంలో రాశావు, ‘టు’ పెట్టలేదు. కర్మపదం లేకుండా ‘చీలిపోతున్నాం’ అనే అర్థంలోనూ ఈ క్రియను వాడతారు కనుక నాకు నిద్ర పట్టడం లేదు. అల్లుడు గారి సామాను వేరే ఇంటికి మారిందని పీలేరు అత్తయ్య ఎవరి దగ్గరో విన్నదట. ఆ మాట నేను అమ్మకు చెప్పలేదు.

దామలచెరువు తోటలో తాతయ్య అంటు కట్టిన రోజు నీకు గుర్తుందో లేదో. అప్పుడు నీకు ఏడేళ్లు, వానలు మొదలైన రోజులు. తాతయ్య నాటు మామిడి మొక్క తల కోసేసి, మిగిలిన కాండాన్ని నట్టనడుమ రెండు వేళ్ల లోతున కత్తితో చీల్చారు. బేనిషా కొమ్మ మొదలును రెండు పక్కలా చీలలాగా చెక్కి, ఆ చీలికలో దించి, పాలిథిన్ పట్టీతో బిగించి చుట్టారు. తడి ఆరకుండా పైన చిన్న సంచి తొడిగారు. మొక్కకు నొప్పి పుడుతుందని నువ్వు ఏడ్చావు. మరునాడు పొద్దున్నే లేచి, అతుక్కుందో లేదో చూద్దామని పట్టీ విప్పబోతే తాతయ్య నీ చెయ్యి పట్టుకున్నారు. బెరడు కిందనున్న పచ్చి పొర పచ్చి పొరకు తగులుతూ ఉండాలనీ, కదిపితే రెండూ ఎండిపోతాయనీ చెప్పారు. మూడు వారాల పాటు నువ్వు దూరం నుంచే చూశావు. ఒకనాడు సంచి లోపల రాగిరంగు చిగురు కనబడితే, చెప్పులు కూడా వేసుకోకుండా తోటంతా పరుగెత్తావు. ఈ పద్ధతిని ఇంగ్లీషువాళ్లు క్లెఫ్ట్ గ్రాఫ్టింగ్ అంటారు. వాళ్లు చీలికను చూసి పేరు పెట్టారు, మనవాళ్లు అదే పనికి అతుకును చూసి అంటు అని పెట్టుకున్నారు.

నీకు నీతులు చెప్పకూడదనే అనుకున్నాను. అయినా చెబుతున్నాను తల్లీ, రాత్రి పడిన మాటలకు తెల్లవారకముందే తీర్పు చెప్పుకోవద్దు. ఇద్దరి మధ్య మాటలను మూడో మనిషి చేతికి ఇవ్వొద్దు, ఆ మూడో మనిషిని నేనైనా సరే. కోపం వచ్చిన రోజున అన్నం మానేసే అలవాటు నీకు చిన్నప్పటి నుంచీ ఉంది. రాగి సంకటి ముద్దైనా తిను. నీళ్లు కాచి తాగు.

ఉత్తరం రాసే తీరిక లేకపోతే, వదిలేసిన ఆ ‘టు’ ఒక్కటి పంపినా నాకు చాలు. అది పంపలేని పరిస్థితి అయితే, రాత్రి ఎంత పొద్దుపోయినా ఫోను చెయ్యి, పక్కనే పెట్టుకుని ఉంటాను. ఏం జరిగిందని అడగను.

అమ్మ చెనక్కాయల పొడి రెండు డబ్బాల్లో కట్టింది. నీలిరంగు మూత ఉన్నది అల్లుడు గారి కోసం, అందులో వెల్లుల్లి వేయలేదు. రెండూ ఒకే చిరునామాకు పంపమంటావా?

నాన్న