సంతకాల బల్లను వేదిక దించండి

సంపాదకులకు నమస్కారం.

మన నెల్లూరులో జరిగే సాహిత్య సభల ఆహ్వానపత్రాల్లో అధ్యక్షులు, ముఖ్య అతిథి, ఆత్మీయ అతిథులు మొదలుకొని వందన సమర్పణ చేసేవారి దాకా అందరి పేర్లూ ఉంటాయి. సభ ఎన్నో అంతస్తులో జరుగుతుందో మాత్రం ఉండదు. చక్రాల కుర్చీలో తిరిగే పాఠకుడికి ముందుగా తెలియవలసిన సంగతి అదే. ఈ మధ్య నగరంలో జరిగిన ఒక పుస్తక పరిచయ సభకు వెళ్లివచ్చాక, నిర్వాహకుల దృష్టికీ నగరపాలక సంస్థ దృష్టికీ కొన్ని విషయాలు తీసుకురావాలని ఈ లేఖ రాస్తున్నాను. ఆ సంస్థ పేరు గానీ, హాలు పేరు గానీ చెప్పడం నా ఉద్దేశం కాదు, ఎందుకంటే ఊళ్లో చాలా హాళ్ల పరిస్థితి ఇంతే.

మన జిల్లా యాసలో కథలు రాసే రచయిత ఒకరు, నేను ఏళ్ల తరబడి ఇష్టంగా చదువుతున్నవారు, తమ కథను తామే చదివి వినిపించి, కొత్త సంపుటిపై సంతకాలు చేస్తారని తెలిసి నిర్వాహకులకు ఫోను చేశాను. హాలు మొదటి అంతస్తులో ఉందనీ లిఫ్టు లేదనీ అప్పుడే తెలిసింది. "ఏం ఫర్వాలేదు, మీరు రాండన్నా, మన పిల్లోళ్లుండారు, ఎత్తకపోతారు" అన్నారు. అన్నమాట నిలబెట్టుకున్నారు కూడా. నలుగురు కుర్రాళ్లు కుర్చీని తలా ఒక పక్క పట్టుకొని మెట్లెక్కించారు. వారి మంచితనాన్ని నేను శంకించను. అయితే కుర్చీని ఎక్కడ పట్టుకోవాలో తెలియనివారు పాదాలు పెట్టుకునే పలకను పట్టుకుంటే అది ఊడి చేతికి వస్తుందనీ, మెట్ల మలుపు దగ్గర కుర్చీ ఒక పక్కకు ఒరిగితే అందులో ఉన్న మనిషి చేయగలిగిందేమీ ఉండదనీ, ఎక్కేటప్పటికంటే దిగేటప్పుడే ప్రమాదం ఎక్కువనీ ఎత్తేవారికి ఎవరూ చెప్పి ఉండరు. అంతకంటే పెద్ద చిక్కు ఇంకొకటి ఉంది. అలా పైకి వెళ్లినవాడు సభ ముగిసి ఆ నలుగురికీ తీరిక చిక్కేదాకా కిందికి రాలేడు. నడుమ లేచి వెళ్లే స్వేచ్ఛ ఉండదు. ఆ అంతస్తులోని మరుగుదొడ్డి తలుపు రెండడుగుల వెడల్పు కూడా లేదు, నా కుర్చీ అందులో పట్టదు. సభకు వెళ్లవలసిన రోజున మధ్యాహ్నం నుంచే నీళ్లు తాగడం మానేయడం నాలాంటివారిలో చాలామందికి అలవాటు. నెల్లూరు ఎండల్లో అది ఎంత మంచి అలవాటో వైద్యులే చెప్పాలి.

కథాపఠనం గురించి ఫిర్యాదు లేదు. అచ్చులో నేను గంభీరంగా చదువుకున్న ఒక సంభాషణను రచయిత తన గొంతుతో, తన ఊరి దీర్ఘాలతో చదివినప్పుడు హాలంతా నవ్వింది, నేనూ నవ్వాను. పుస్తకం ఇంట్లో ఉండగా సభకు ఎందుకు వెళ్లడమని అడిగేవారికి అంతకు మించిన జవాబు లేదు.

ఆ తరువాత సంతకాల కార్యక్రమం మొదలైంది. బల్లను వేదిక మీదనే వేశారు. పాఠకులు వరుసగా మెట్లెక్కి, రచయితతో రెండు ముక్కలు మాట్లాడి, పుస్తకంతో ఒక ఫొటో దిగి, అవతలి వైపు నుంచి దిగిపోతున్నారు. నేను వేదిక ముందు కింద ఆగిపోయాను. ఒక కార్యకర్త నా చేతిలోని పుస్తకం తీసుకుపోయి, సంతకం చేయించి తెచ్చి ఇచ్చారు. సంతకం నాకు అందింది గానీ, రచయితకు నేను ఉన్నానన్న సంగతే తెలియదు. ఒక పాత్ర గురించి చాలాకాలంగా అడగాలనుకున్న ప్రశ్న అడగకుండానే తిరిగివచ్చాను. కేవలం సంతకమే కావాలనుకుంటే పుస్తకాన్ని కొరియర్‌లో పంపినా సరిపోయేది.

వేదికకు ఒక వాలుబల్ల వేస్తే సరిపోతుందని కొందరు అంటారు. లెక్క చూస్తే అదంత సులువు కాదు. కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకాల ప్రకారం ఒక అడుగు ఎత్తుకు కనీసం పన్నెండు అడుగుల పొడవైన వాలు ఉండాలి. మూడడుగుల వేదికకు ముప్పై ఆరు అడుగులు కావాలి. మన హాళ్లలో చాలావాటికి అంత జాగా లేదు. చేతికందిన చెక్కను నిలువుగా ఆనించి దాన్నే వాలు అంటే అది కుర్చీని వెనక్కి పడేసే సాధనం అవుతుంది. అందుకే నేను అడిగేది చవకైన పని. పఠనం వేదిక మీద జరగనివ్వండి, సంతకాల బల్లను మాత్రం కింద, శ్రోతలు కూర్చునే చోట వేయండి. రచయిత నాలుగు మెట్లు దిగితే చాలు.

ఇది దయ అడగడం కాదని కూడా చెప్పాలి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. సాంస్కృతిక, వినోద కార్యక్రమాలకు వాడే భవనం, ప్రజలు వచ్చిపోయేదైతే, ప్రైవేటుదైనా సరే, ఆ చట్టం దృష్టిలో ప్రజా భవనమే. నిబంధనలు వెలువడిన ఐదేళ్లలోగా పాత భవనాలను కూడా అందరికీ అందుబాటులోకి తేవాలని 45వ సెక్షన్ చెబుతోంది. 2017 జూన్‌లో నిబంధనలు వచ్చాయి, 2022 జూన్‌తో ఆ గడువు తీరిపోయింది. ప్రమాణాలకు సరిపోని ప్లానుకు అనుమతి గానీ, కట్టిన భవనానికి పూర్తయినట్లు ధ్రువపత్రం గానీ ఇవ్వకూడదని 44వ సెక్షన్ అంటోంది. ఈ ప్రమాణాలను సిఫార్సులుగా వదిలేయకుండా తప్పనిసరి నిబంధనలుగా రూపొందించాలని 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు కేంద్రాన్ని ఆదేశించింది. అయినా కొత్తగా కట్టిన కల్యాణ మండపాల్లో సైతం వీధివైపు మెట్లే కనబడుతున్నాయి. విచిత్రమేమిటంటే, వాటిలో కొన్నింటికి వెనకవైపున, వంట గుండిగలను తోపుడు బండి మీద తీసుకువెళ్లడానికి చక్కని వాలు ఉంటుంది. భోజనాలకు పిలిచినప్పుడు నేను ఆ దారినే, పొయ్యిల పక్కగా, లోపలికి వెళ్లిన సందర్భాలున్నాయి.

"మీలాంటివారు ఎంతమంది వస్తారు?" అని నిర్వాహకులు అడుగుతుంటారు. రాలేని చోటికి రానివారిని లెక్కపెట్టడం ఎవరికీ సాధ్యం కాదు. అదలా ఉంచితే, మన సాహిత్య సభల శ్రోతల్లో అరవై దాటినవారే ఎక్కువన్నది ఏ సభకు వెళ్లినా తెలుస్తుంది. మోకాళ్ల నొప్పులతో మెట్ల నడుమ కమ్మీ పట్టుకొని ఆగి ఊపిరి తీసుకునే పెద్దలను నేనే చూశాను. వయసు మీదపడి సభలు మానుకున్న పాత పాఠకులు ప్రతి పేటలోనూ ఉన్నారు. కింది అంతస్తు హాలు ఎంచుకుంటే, లేదా చల్లని నెలల్లో ఏ బడి ఆవరణలోనో సాయంత్రం సభ పెట్టుకుంటే, వారు కూడా వస్తారు.

నగరపాలక సంస్థ చేయగలిగింది ఒకటుంది. ఊళ్లో సభలకు అద్దెకిచ్చే హాళ్లన్నింటినీ తనిఖీ చేయించి, ఏ హాలుకు వాలు ఉందో, లిఫ్టు పనిచేస్తున్నదో, కుర్చీ పట్టే మరుగుదొడ్డి ఉందో ఒక జాబితాగా ప్రకటించాలి. అలాంటి జాబితా ఉంటే నిర్వాహకులు అద్దెతో పాటు ఇదీ చూసుకుంటారు, యజమానులకూ కొంత పట్టింపు వస్తుంది. రచయితలు సైతం సభకు ఒప్పుకునే ముందు హాలు ఏ అంతస్తులో ఉందని ఒక్క మాట అడగవచ్చు. వారి మాటను నిర్వాహకులు కాదనరు.

జాబితా వచ్చేదాకా, త్వరలో సభలు పెట్టబోయేవారు ఆహ్వానపత్రాన్ని అచ్చుకు ఇచ్చే ముందు టేపుతో హాలు తలుపులు కొలిచి, మెట్లు లెక్కపెట్టి, ఆ వివరాలను హాలు చిరునామా కింద ఒక వరుసలో వేయించాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
దర్గామిట్ట, నెల్లూరు.