షుగర్ లేదంటారు, పిండి ఎంతుందో తెలుగులో చెప్పరు

సంపాదకులు గారికి నమస్కారం.

మా అత్తయ్యకు షుగర్ వచ్చి పదకొండేళ్లయింది. టీలో పంచదార వేసుకోదు, పెళ్లి భోజనాల్లో పూర్ణం బూరె వడ్డిస్తే చెయ్యి అడ్డం పెట్టేస్తుంది. అంత పట్టుదల ఉన్న మనిషికి ఈసారి మూడు నెలల సగటు చూపే పరీక్షలో 8.9 వచ్చింది. ఇంతకుముందెప్పుడూ 7 దాటలేదు. రోజూ ఏమేం తింటారో చెప్పమని డాక్టరు గారు అడిగితే అన్నీ చెప్పి, చివర్లో "సాయంత్రం టీలోకి బిస్కెట్లు బాబూ, షుగర్ ఫ్రీవే" అంది. అవి రోజుకు ఆరు.

ఇంటికొచ్చి ప్యాకెట్ తిప్పి చూశాను. ముందు వైపు ఆకుపచ్చ రంగులో పెద్ద అక్షరాలతో షుగర్ ఫ్రీ అని ఉంది. వెనక వైపు చీమ తలకాయంత ఇంగ్లీషు అక్షరాల్లో, 100 గ్రాములకు కార్బోహైడ్రేట్లు, అంటే పిండిపదార్థాలు, 68 గ్రాములు అని ఉంది. పదార్థాల్లో మొదటిది మైదా, కాస్త కిందికి వస్తే మాల్టోడెక్స్‌ట్రిన్. ఇది పిండి నుంచి తీసే పొడి, ఒంట్లోకి వెళ్లగానే గ్లూకోజుగా మారిపోతుంది. ఆరు బిస్కెట్లు 50 గ్రాములు తూగుతాయనుకుంటే 34 గ్రాముల పిండిపదార్థం, అంటే చిన్న కప్పుడు అన్నం. రాత్రిపూట అన్నం మానేసి రెండు పుల్కాలతో సరిపెట్టుకునే మనిషి, సాయంత్రమే ఆ అన్నం తినేస్తోందన్నమాట.

షుగర్ పెరగడానికి బిస్కెట్లొక్కటే కారణమని నేను అనను. కానీ అవి లెక్కలోకి రావని ఆవిడ నమ్మింది. అలా నమ్మించింది ఆ ముందు వైపు రాత.

ఆ రాత చట్టం ప్రకారం తప్పు కూడా కాదు. నాకు ఎక్కువ బాధ కలిగించేది అదే. కేంద్ర ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ నిబంధనల్లో 100 గ్రాములకు చక్కెరలు అర గ్రాము మించకపోతే షుగర్ ఫ్రీ అని వేసుకోవచ్చు. మైదాలోని పిండిపదార్థం ఆ లెక్కలోకి రాదు. ఇంకో నిబంధన ప్రకారం లేబుల్ మీది వివరాలు ఇంగ్లీషులోనో, దేవనాగరి లిపిలో హిందీలోనో ఉంటే చాలు. తెలుగు ఉండి తీరాలని లేదు. ఐదో తరగతితో చదువు ఆపేసిన మా అత్తయ్య దినపత్రిక మొత్తం చదువుతుంది, ఆ ప్యాకెట్ మాత్రం చదవలేదు.

ప్యాకెట్ ముందు వైపు హెచ్చరికలు ఉండాలన్న వ్యాజ్యంలో 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు మూడు నెలల గడువు పెట్టింది. మంచిదే. అయితే ఆ చర్చంతా చక్కెర, ఉప్పు, కొవ్వు చుట్టూనే తిరుగుతోంది. షుగర్ ఉన్నవాళ్లకు అసలు కావలసిన అంకె మొత్తం పిండిపదార్థానిది. షుగర్ ఫ్రీ అని ఏ సైజు అక్షరాల్లో వేస్తారో, దాని పక్కనే అదే సైజులో, తెలుగులో, 'పిండిపదార్థాలు 68 గ్రాములు' అని వేయించాలి. రెండు రాష్ట్రాల ప్రభుత్వాలూ కేంద్రాన్ని ఈ మాట గట్టిగా అడగాలి. ఇది జరగని పనేం కాదు. హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ గారు ఏళ్ల తరబడి పోరాడితేనే కదా, పంచదార నీళ్ల ప్యాకెట్ల మీద, విరేచనాలప్పుడు తాగించే మందు పేరైన ఓఆర్ఎస్ అన్న మాట వాడకూడదని 2025 అక్టోబరులో ఆదేశాలు వచ్చాయి!

బెల్లం, తేనె వాడితే ఏమీ కాదని, రాగి జావ ఎంత తాగినా పర్వాలేదని చెప్పేవాళ్లు మా వీధిలోనే చాలామంది ఉన్నారు. బెల్లం కూడా చక్కెరే. రాగులూ జొన్నలూ మంచివే, వాటిలో పీచు ఉంది. కానీ నూటికి 65, 70 గ్రాములు పిండిపదార్థమే, కొలత తప్పదు. పిండి దాదాపు లేనివి కావాలంటే గుడ్డు, చేప, కోడిమాంసం, ఆకుకూరలు, ఉప్పు వేసిన నిమ్మకాయ నీళ్లు మన ఇళ్లలోనే ఉన్నాయి. పల్చటి మజ్జిగలోనూ తక్కువే. అలాగని మాత్రలో ఇన్సులినో వాడేవాళ్లు డాక్టర్ని అడక్కుండా అన్నం ఒక్కసారిగా మానేయకూడదు, షుగర్ మరీ పడిపోవచ్చు.

అత్తయ్య ఇప్పుడు టీతో పాటు గుప్పెడు వేయించిన వేరుశనగ గుళ్లు తింటోంది. మిగిలిన బిస్కెట్ ప్యాకెట్లు తిరిగిచ్చేద్దామని వెళ్తే, షాపతను ఆశ్చర్యపోయి "ఇవి షుగర్ వాళ్లవే కదండీ" అన్నాడు.

ఇట్లు,
ఒక పాఠకురాలు, తెనాలి