వార్షిక నివేదిక 2024-25: పెద్దవాళ్లు ఇంట్లో పడిపోకుండా

సభ్యులందరికీ నమస్కారం.

పండగలు, ఆటల పోటీలు ఎప్పటిలాగే జరిగాయి. జమాఖర్చులు చివరి పేజీలో ఉన్నాయి. కాలనీలో పెద్దవాళ్లు జారిపడి తుంటి విరిగి మంచాన పడటం చూశాక, ఈ ఏడాది కార్యవర్గం దాని మీదే ఎక్కువ దృష్టి పెట్టింది.

తుంటి విరగడం చెయ్యి విరగడం లాంటిది కాదు. ముసలి వయసులో విరిగితే ఏడాది తిరక్కుండానే సుమారు ఐదుగురిలో ఒకరు చనిపోతున్నారు. మిగిలినవాళ్లలో చాలామంది మునుపటిలా నడవలేకపోతున్నారు. ఎత్తు నుంచి పడనక్కర్లేదు. ఎముకలు గుల్లబారి ఉంటే, నిలబడ్డచోటే పక్కకు ఒరిగి పడినా విరుగుతుంది.

అందుకే అడిగినవాళ్ల ఇళ్లకు మన వాలంటీర్లు వెళ్లి చూశారు. ఎక్కువచోట్ల కనిపించింది గడప దగ్గర కాళ్లు తుడుచుకోవడానికి వేసిన పాత చీర ముక్క. నున్నటి టైల్స్ మీద అది కాలితోపాటే జారుతుంది. దాని బదులు అడుగున రబ్బరున్న మ్యాట్ వేయించాం. బాత్రూంలో పెద్దవాళ్లు టవల్ రాడ్ పట్టుకుని లేస్తున్నారు. చిన్న స్క్రూలతో బిగించిన రాడ్ మనిషి బరువు ఆపదు. కమోడ్ పక్కన గోడలోకి బోల్టులు దిగేలా స్టీలు హ్యాండిల్ పెట్టించాలి. "అప్పుడే నాకెందుకయ్యా" అన్నవాళ్లే ఎక్కువ. ఇది వయసును ఒప్పుకోవడం కాదని ఓపిగ్గా చెప్పాల్సి వచ్చింది.

ఎముకల డాక్టరు గారితో ఒక ఆదివారం సమావేశం పెట్టాం. 65 దాటిన ఆడవాళ్లు ఎముకలు ఎంత గట్టిగా ఉన్నాయో చూసే డెక్సా స్కాన్ చేయించుకోవాలని, బీపీ మాత్రలకో నిద్రమాత్రలకో లేవగానే కళ్లు తిరుగుతుంటే వాటిని సొంతంగా ఆపకుండా డాక్టరుకు చెప్పాలని, కంటి శుక్లం ఆపరేషన్ వాయిదా వేయొద్దని చెప్పారు. రాగిజావ, నువ్వులు మంచివే. కానీ కాళ్లలో పట్టు లేకపోతే అవొక్కటే కాపాడలేవు. అందుకే పార్కులో ఉదయం పూట, చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేచే వ్యాయామం మొదలుపెట్టాం.

ఒకటి గట్టిగా చెప్పాలి. పడ్డాక కాలు పొట్టిదై, పాదం బయటికి తిరిగి ఉంటే లేపి నడిపించకండి, నూనె రాసి తోమకండి. 108కి ఫోన్ చేయండి. పుత్తూరు కట్టు మీద మనవాళ్లకు నమ్మకం ఎక్కువ. కానీ తుంటి విరిగితే దాదాపు అందరికీ ఆపరేషనే దారి, అదీ ఒకటి రెండు రోజుల్లోపే. "షుగరుంది, ఈ వయసులో కోత ఎందుకు" అని తాత్సారం చేస్తే, కదల్లేని మనిషికి న్యుమోనియా, వీపున పుండ్లు వస్తాయి.

వచ్చే ఏడాది కమ్యూనిటీ హాలు మెట్లకు రెండువైపులా రెయిలింగ్ పెట్టించాలని తీర్మానించాం. హ్యాండిల్ కావాల్సినవాళ్లు ఆఫీసులో పేరు రాయించండి. పిల్లలు దూరాన ఉండి ఒంటరిగా ఉంటున్నవాళ్ల ఇళ్లకు ముందు వస్తాం.

కార్యదర్శి