శుభలేఖలు తప్ప మిగతావి మానుకుంటున్నాం

తిరుపతిలోని మా ముద్రణశాలలో ఇంతకు మునుపు శుభలేఖలు వేయించుకున్నవారికీ, రాబోయే ముహూర్తాలకు వేయించుకోవాలనుకుంటున్నవారికీ కొన్ని మార్పులు ముందుగా తెలియాలని ఇది రాస్తున్నాను. ఈ శ్రావణ మాసం నుంచి మేము వీడియో శుభలేఖలు తయారు చేయము. పండుగలకు, పుట్టినరోజులకు ఉచితంగా చేసి పంపుతూ వచ్చిన పోస్టర్లు ఇక ఉండవు. శుభలేఖ రాసే పద్ధతుల మీద నేను నడిపిన యూట్యూబ్ ఛానల్లో కొత్త వీడియోలు రావు. ఇన్‌స్టాగ్రామ్ ఖాతాను మూసివేశాను. వాట్సాప్ గ్రూపుల్లో ఇంటివాళ్ళది, ముద్రణశాల పనివాళ్ళది తప్ప అన్నిటి నుంచీ బయటకు వచ్చాను. ఇదంతా చూసి దుకాణం ఎత్తేస్తున్నామని కొందరు, నాకు ఒంట్లో బాగాలేదని మరికొందరు అనుకుంటున్నట్టు తెలిసింది. రెండూ నిజం కావు. యంత్రం నడుస్తూనే ఉంది, నేను కులాసాగానే ఉన్నాను.

ఈ పనులన్నీ ఒక్కసారిగా నెత్తికెత్తుకున్నవి కావు. మా నాన్నగారి కాలంలో ఇదే గదిలో సీసపు అక్షరాలను ఒక్కొక్కటిగా పేర్చి, కాలితో తొక్కి నడిపే ట్రెడిల్ యంత్రం మీద కార్డులు కొట్టేవారు. గుణింతాలకు, వత్తులకు వేర్వేరు అచ్చులు కావాలి కాబట్టి తెలుగు కంపోజింగ్ చేసే మనిషికి పొద్దస్తమానం ఆ అరల ముందు నిలబడడం తప్ప మరో వ్యాపకానికి తీరిక ఉండేది కాదు. తరువాత ఆఫ్‌సెట్ ముద్రణ వచ్చింది, కంప్యూటర్ మీద అక్షరాలు కూర్చే డీటీపీ వచ్చింది, శివకాశి నుంచి రకరకాల తయారీ కార్డులు రావడం మొదలైంది, పని తేలికైంది. 2020లో కరోనా కారణంగా పెళ్ళికి యాభై మందికి మించి రాకూడదని ప్రభుత్వం నిబంధన పెట్టినప్పుడు, అయిదువందల కార్డులు వేయించే ఇళ్ళకు యాభై కార్డులతో కూడా పని లేకుండా పోయింది, పిలుపులన్నీ ఫోన్లలోనే సాగాయి. ఆ ఏడాది జూన్ నెలాఖరున టిక్‌టాక్‌ను నిషేధించారు, జులైలో ఇన్‌స్టాగ్రామ్ మన దేశంలో రీల్స్‌ను ప్రవేశపెట్టింది. యంత్రం ఆగిపోయినా ఇల్లు గడవాలి కాబట్టి నేను వీడియో శుభలేఖలు చేయడం నేర్చుకున్నాను, ఛానల్ తెరిచాను, ఎవరు ఏ గ్రూపులో చేర్చినా కాదనకుండా ఉండిపోయాను. అందుకు నేను ఇప్పటికీ విచారించడం లేదు, ఎందుకంటే ఆ ఏడాది దుకాణం అద్దె కట్టింది ఆ వీడియోలతోనే. పెళ్ళిళ్ళు తిరిగి కల్యాణ మండపాల్లోకి వచ్చాక కార్డుల పని పూర్వంలాగే పుంజుకుంది, కష్టకాలంలో పట్టుకున్న పనులు మాత్రం చేతిలోనే ఉండిపోయాయి.

విడిగా చూస్తే వాటిలో ఏదీ పెద్ద పని కాదు, అందుకే దేన్నీ లెక్కలోకి తీసుకోలేదు. ఉదయాన్నే తిథి, నక్షత్రం, రాహుకాలం రాసి, వేంకటేశ్వరస్వామి బొమ్మతో, కింద మా దుకాణం పేరుతో ఒక చిత్రం పంపడం మొదట ప్రచారం కోసమే. కొన్నాళ్ళకు అది ఎంత అలవాటయిందంటే, ఒక గంట ఆలస్యమైతే చాలు, "ఈ రోజు తిథి ఏమిటమ్మా, ఇంకా పెట్టలేదే?" అని పెద్దవాళ్ళు ఫోన్ చేసేవారు. ఇంట్లో గోడకు క్యాలెండరు వేలాడుతుండగా నన్నెందుకు అడుగుతారో నాకు అర్థమయ్యేది కాదు, అయినా అడిగినవారికి చెప్పకుండా ఉండలేకపోయేదాన్ని. 2022లో ఒక్కో వాట్సాప్ గ్రూపులో 1,024 మంది దాకా చేరే వీలు కలిగాక, వ్యాపారుల గ్రూపు, పాత విద్యార్థుల గ్రూపు, వీధివాళ్ళ గ్రూపు ఊరంత పెరిగాయి. అందులో ఎవరి ఇంట శుభకార్యమైనా పోస్టరు చేసి పెట్టమని అడిగేది నన్నే. ప్రెస్సు ఉన్నవాళ్ళకు అది చిటికెలో పని అని అందరి నమ్మకం.

ఇక మా అసలు పని సంగతి. శుభలేఖలో ఉండేవి పట్టుమని ఇరవై పంక్తులు, కానీ ఆ ఇరవై పంక్తుల్లో ఒక్క అక్షరం అటూ ఇటూ అయినా అయిదువందల ఇళ్ళకు చేరుతుంది. ముహూర్తం పంక్తినే తీసుకోండి. మన లెక్కలో రోజు సూర్యోదయంతో మొదలవుతుంది, ఇంగ్లీషు తేదీ అర్ధరాత్రికి మారుతుంది. బుధవారం రాత్రి 2 గంటల 40 నిమిషాలకు ముహూర్తం ఉంటే పంచాంగం ప్రకారం అది బుధవారమే, క్యాలెండరు ప్రకారం గురువారం. అందుకే "బుధవారం రాత్రి, తెల్లవారితే గురువారం" అని రాయడం ఆనవాయితీగా వస్తోంది. పురోహితుడు రాసిచ్చిన లగ్నపత్రికను, ఇంటివారు ఫోన్లో పంపిన మ్యాటర్‌ను, మండపం బుక్ చేసుకున్న తేదీని పక్కపక్కన పెట్టుకొని ఈ ఒక్క పంక్తిని సరిచూడాలి, లేకపోతే దూరపు చుట్టాలు పెళ్ళి అయిపోయాక దిగుతారు. మన ప్రాంతంలో దీనికి తోడు మరో చిక్కు ఉంది. మన మాసాలు చంద్రుణ్ణి బట్టి నడుస్తాయి, తమిళం మాట్లాడే కుటుంబాలు సూర్యుణ్ణి బట్టి మాసాలు లెక్కించే సౌరమానాన్ని పాటిస్తాయి కాబట్టి, మనకు శ్రావణం వచ్చి ముహూర్తాలు మొదలైనా వారికి ఆడి మాసం ముగిసేదాకా పెళ్ళిళ్ళు ఉండవు. ఒకవైపు తెలుగు, మరోవైపు తమిళం అచ్చువేసే కార్డులో రెండు పద్ధతుల్లోనూ మాసం, తేదీ సరిపోవాలి.

అక్షరాల బాధ వేరే. మీరు ఫోన్లో టైపు చేసే తెలుగు యూనికోడ్ అనే సంకేత పద్ధతిలో ఉంటుంది, మా డీటీపీలో చాలా కాలంగా వాడుతున్నవి వేరే సంకేతాలతో నడిచే 'అను' అనే పేరుగల ఫాంట్లు. ఒకదాని నుంచి మరొకదానికి మార్చేటప్పుడు జంట వత్తులు తరచుగా చెదిరిపోతాయి. జ్యోత్స్న అనే పేరు పెట్టుకున్న పెళ్ళికూతురి కార్డు వచ్చిందంటే నేను ఆ పేరును భూతద్దంతో చూస్తాను. పైగా తెలిసిన మాటను కన్ను అక్షరం అక్షరంగా చదవదు, సరిగ్గానే ఉందనుకొని దాటిపోతుంది. అందువల్ల ప్రూఫు, అంటే అచ్చుకు ముందు తీసే నమూనా ప్రతి, దిద్దేటప్పుడు మధ్యలో ఫోన్ మోగితే, ఆగిన చోటు నుంచి కాక మళ్ళీ మొదటి నుంచి చదవడం మా నాన్నగారు నేర్పిన పద్ధతి. ఈ పద్ధతిని నిజాయితీగా పాటిస్తే, నిన్నమొన్నటి దాకా నా ఫోన్ మోగిన తీరుకు ఏ ప్రూఫూ పూర్తి కాకూడదు. పగలంతా గ్రూపులకు, వీడియోలకు సమాధానాలు చెప్పి, షట్టరు దించాక రాత్రి పదకొండింటికి కళ్ళు నులుముకుంటూ ప్రూఫులు చదవడం మామూలైపోయింది. యంత్రం ఖాళీగా ఉండే ఈ ఆషాఢంలో, కటింగ్ మెషిన్ దగ్గర కూర్చున్న మా వారు "నువ్వు ప్రెస్సు నడుపుతున్నావా, ఫోన్ నడుపుతున్నావా?" అని అడిగారు. ఆయన పరిహాసానికే అన్నా, నేను మాత్రం ఆ సాయంత్రమే కాగితం తీసుకొని, ఎవరెవరికి ఏమేమి మాట ఇచ్చి ఉన్నానో రాయడం మొదలుపెట్టాను.

ఆ కాగితంలో అభిరుచులు కూడా చేరాయి, వాటి గురించి చెప్పడమే నాకు కొంచెం కష్టం. నాకు పద్యాలంటే ఇష్టం. సమస్యాపూరణం గ్రూపు ఒకదానికి నేను నిర్వాహకురాలిని. ఉదయం ఒక సమస్య ఇవ్వడం, సాయంత్రానికి వచ్చిన పూరణలన్నిటిలో యతిప్రాసలు చూసి, గణాలు తప్పినచోట చెప్పడం నా బాధ్యత. కంద పద్యం రాసినవారికి తెలుసు, నాలుగో పాదం కుదరకపోతే అది రోజంతా బుర్రలోనే తిరుగుతూ ఉంటుంది, ఆ సమయంలో కాగితాల లెక్క ఎవరైనా అడిగితే చిరాకు వస్తుంది. ఆ బాధ్యతను నాకంటే బాగా ఛందస్సు తెలిసిన ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలికి అప్పగించాను. ఆదివారాలు శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం ఆవరణలో పక్షుల ఫొటోలు తీయడం మరొకటి. మొదట్లో పాలపిట్టో లకుముకి పిట్టో కనబడితే చూసి సంతోషించి ఇంటికి వచ్చేదాన్ని. పక్షుల గ్రూపులో చేరాక, చూసినదాని పేరు, చోటు, సమయం రాసి పెట్టడం, ఇతరుల ఫొటోలకు మెచ్చుకోలు తెలపడం, పోటీలకు పంపడం అన్నీ కలిసి ఆదివారం కూడా పని దినమైంది. కెమెరాను మా అన్నయ్య కొడుక్కి ఇచ్చేశాను. ఆన్‌లైన్ వేణువు తరగతులు ఎటూ అంతంతమాత్రమే, వాటిని మానితే ఇరుగుపొరుగుకు కూడా మేలు.

రెండింటిని మాత్రం ఉంచుకున్నాను. శనివారం ఉదయాన్నే శ్రీవారి మెట్టు దారిలో 2,388 మెట్లు ఎక్కి కొండకు వెళ్ళడం ఒకటి. ఇకపై గ్రూపుతో కాక మా వారితో కలిసి వెళతాను కాబట్టి ఆ ఉదయం ఫోన్ ఇంట్లోనే ఉంటుంది, మధ్యాహ్నం దాకా సమాధానం రాకపోతే ఏమీ అనుకోవద్దు. రెండోది, మా నాన్నగారు మొదలుపెట్టిన పాత శుభలేఖల సేకరణ. దుకాణంలో అచ్చయిన ప్రతి కార్డు నుంచీ ఒకటి తీసి ఫైల్లో పెట్టడం ఆయన అలవాటు. తాతగారి పెళ్ళినాటి కార్డు చూపించి, అదే వరసలో పేర్లు రాసి ఇమ్మని అడిగేవారు ఇప్పటికీ వస్తుంటారు. దీన్ని అభిరుచి అనాలో వ్యాపారం అనాలో తేల్చుకోవలసిన అవసరం నాకు కనబడలేదు.

గ్రూపుల నుంచి బయటకు వచ్చినందుకు నొచ్చుకున్న స్నేహితులకు ఒక్క మాట. ఎవరి మీదా కోపంతో చేసిన పని కాదిది. కొన్నిటిలో ఉండి కొన్నిటిని వదిలితే ఎందుకు వదిలానో ఒక్కొక్కరికి చెప్పుకోవలసి వచ్చేది. మీ ఇంట పెళ్ళి కబురు ఉంటే నాకు ఫోన్ చేసి చెప్పండి, పెళ్ళికి వస్తాను.

ఇక మీ పని విషయంలో మారేవి చెబుతాను. దుకాణం ఉదయం పది నుంచి రాత్రి ఎనిమిది దాకా తెరిచి ఉంటుంది, ఆదివారం సెలవు. వాట్సాప్ సందేశాలను రోజుకు రెండుసార్లు, ఉదయం పదకొండింటికి, సాయంత్రం అయిదింటికి చూస్తాను, తొందర ఉంటే ఫోన్ చేయడమే మేలు. ఊళ్ళో ఉన్నవారు ప్రూఫును దుకాణానికి వచ్చి కాగితం మీద చదివి సంతకం చేయాలి. దూరాన ఉన్నవారికి పీడీఎఫ్ పంపుతాము. దాన్ని దగ్గర్లోని జిరాక్స్ షాపులో ప్రింటు తీయించి చదవమని కోరుతున్నాను, ఎందుకంటే ప్రూఫును ఫొటోగా పంపితే వాట్సాప్ దాన్ని కుదిస్తుంది, చిన్న వత్తులు అలుక్కుపోతాయి. పెళ్ళికొడుకు తరఫున ఒకరు, పెళ్ళికూతురి తరఫున ఒకరు మాత్రమే మార్పులు చెప్పాలి. బాబాయి ఒకటి, మేనమామ ఇంకొకటి చెబితే మేము ఎవరి మాటా పాటించలేము. రంగును ఫోన్లో చూసి ఖాయం చేయడం కుదరదు. ఫోన్ తెర ఎరుపు, ఆకుపచ్చ, నీలం వెలుగులతో రంగు చూపిస్తుంది, అచ్చుయంత్రం సయాన్, మజెంటా, పసుపు, నలుపు సిరాలతో రంగు తెస్తుంది. తెర మీద మెరిసిన కుంకుమ రంగు కార్డు మీద కొంత కాంతి తగ్గే వస్తుంది, బంగారు మెరుపు కావాలంటే విడిగా ఫాయిల్ వేయవలసిందే. అందువల్ల దుకాణంలో ఉన్న అచ్చు నమూనాల్లోంచే రంగు ఎంచుకోండి. కార్డులు చేతికి రావలసిన తేదీకి మూడు వారాల ముందు మ్యాటర్ ఇవ్వాలి. పేర్లను, గోత్రాలను ఇంటి పెద్దవారి చేత కాగితం మీద రాయించి తెస్తే అంతకంటే మేలైనది లేదు.

తొలి శుభలేఖను టీటీడీ కార్యనిర్వహణాధికారి పేరిట కొండంత దేవుడికి పంపడం మన ఊళ్ళో ఎందరో పాటించే ఆచారం. కార్డులు తీసుకువెళ్ళేటప్పుడు చిరునామా రాసిన కవరు అడిగితే ఇస్తున్నాం, అది మానుకునే ప్రశ్నే లేదు. అక్కడి నుంచి వచ్చే అక్షింతలు, కుంకుమ మీ చిరునామాకే చేరతాయి కాబట్టి కార్డు వెంట మీ ఇంటి చిరునామాను స్పష్టంగా రాసి పెట్టండి.

దీనివల్ల మాకు నష్టం లేదని చెబితే అది అబద్ధం. వీడియో శుభలేఖకు కాగితం ఖర్చు లేదు, సిరా ఖర్చు లేదు, వచ్చిన డబ్బులో చాలా భాగం మిగిలేది. ఆ రాబడి పోతుంది, రాత్రి పన్నెండింటికి కూడా మార్పులు చేసిపెట్టేవారి దగ్గరకు కొందరు వెళతారు, వెళ్ళడం న్యాయమే. ఛానల్లో వీడియోలు ఆపేస్తే కొత్తవాళ్ళు రారని నా మేలు కోరేవారు హెచ్చరించారు. నా అనుభవంలో రీల్ చూసి ఫోన్ చేసినవారిలో ఎక్కువమంది ధర అడిగి ఊరుకున్నారు, పని ఇచ్చినవారు మాత్రం అక్క పెళ్ళికో అన్న పెళ్ళికో మా కార్డు చూసి వచ్చినవారే. ఈ లెక్క తప్పు కావచ్చు, వచ్చే ఉగాది నాటికి తెలిసిపోతుంది. తగ్గిన రాబడిని కార్డుల ధర మీద వేసే ఆలోచన లేదు, కాగితం రేటు పెరిగితే తప్ప ఇప్పటి ధరలే ఉంటాయి.

మా దగ్గర వీడియోలు ఎడిట్ చేసిన కుర్రవాడు సొంతంగా ఆ పని మొదలుపెట్టాడు. వీడియో శుభలేఖ కావాలన్నవారిని అతని దగ్గరకే పంపుతున్నాం, అందులో మాకు కమిషన్ ఏమీ లేదు. ఇప్పటికే మాకు అడ్వాన్సు ఇచ్చినవారి వీడియోలు ఒప్పుకున్న తేదీలకే అందుతాయి, వద్దనుకుంటే రసీదు తెచ్చి డబ్బు వెనక్కి తీసుకోవచ్చు. మాఘ మాసపు ముహూర్తాలకు కార్డులు కావలసినవారు ధనుర్మాసంలోనే మ్యాటర్ ఇవ్వండి, సంక్రాంతి మూడు రోజులూ ప్రెస్సుకు సెలవు.