ఆసనాలతో తగ్గని కోపం గురించి, నీకు

ఏరా, ఎలా ఉన్నావ్?

ఆదివారం ఫోన్ పెట్టేసినప్పటి నుంచి నీ మాటే చెవిలో తిరుగుతోంది. "ఆరు నెలలు మానకుండా యోగా క్లాసుకి వెళ్లానురా, నడుం నొప్పి తగ్గింది కానీ కోపం ఇసుమంత కూడా తగ్గలేదు, నిన్న మళ్లీ నాన్న మీద అరిచేశాను, చేతులు వణికిపోయాయి" అన్నావు. ఆ తర్వాత కాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడలేదు. నాకు అప్పటికప్పుడు మాటలు కుదరలేదు, అందుకే కూర్చుని ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్నా. ఓపిగ్గా చదువు.

యోగా నీకు పడలేదని మాత్రం అనుకోకు. నడుం కోసం చేశావు, నడుం బాగుపడింది. కోపానికి చెయ్యాల్సింది వేరే ఉంది, అక్కడిదాకా మనల్ని ఎవరూ తీసుకెళ్లలేదు, అంతే. పతంజలి యోగసూత్రాలు మొత్తం 196, కొన్ని ప్రతుల్లో 195. అందులో ఆసనం గురించి నేరుగా చెప్పినవి మూడంటే మూడే. "స్థిరసుఖమాసనమ్" అన్నాడు, కదలకుండా హాయిగా కూర్చోగలిగితే అదే ఆసనం అని. ఎనిమిది అంగాల్లో అది మూడోది. దానికి ముందున్న యమనియమాలు మనుషులతో మనం ఎలా ఉంటాం, మనతో మనం ఎలా ఉంటాం అన్నవి. నేనూ నీలాగే నేరుగా మూడో మెట్టు దగ్గరే మొదలుపెట్టాను, మొదటి రెండూ చాన్నాళ్ల తర్వాత గానీ తెరిచి చూడలేదు.

అలా చూస్తుంటే సమాధిపాదంలో, అంటే ఆ పుస్తకం మొదటి అధ్యాయంలో, 33వ సూత్రం దగ్గర ఆగిపోయాను. సుఖంగా ఉన్నవాళ్లతో మైత్రి, దుఃఖంలో ఉన్నవాళ్ల మీద కరుణ, పుణ్యం చేసేవాళ్లను చూస్తే ముదిత అంటే సంతోషం, పాపం చేసేవాళ్ల విషయంలో ఉపేక్ష. ఈ నాలుగు భావనలూ అలవాటైతే "చిత్తప్రసాదనమ్" అన్నాడు, బురద కిందికి దిగి నీళ్లు తేటపడ్డట్టు మనసు తేరుకుంటుందని. మొదటిసారి చదివినప్పుడు నీతివాక్యంలా అనిపించి పేజీ తిప్పేశాను. మళ్లీ దాని దగ్గరికి వచ్చింది పోయినేడాది ఆఫీసులో జరిగిన ఒక విషయం వల్ల. నీకు ఇంతవరకూ చెప్పలేదు.

నాతోపాటే చేరినతనికి ప్రమోషన్ వచ్చింది. అది నాకే వస్తుందని ఇంట్లో కూడా చెప్పేసి ఉన్నాను. సాయంత్రం అందరూ అతని టేబుల్ చుట్టూ చేరారు, నేనూ వెళ్లి చెయ్యి కలిపి కంగ్రాట్స్ అన్నాను. అరచెయ్యంతా చల్లటి చెమట. వెనక్కి తిరగగానే ప్యాంటుకి తుడుచుకున్నాను. రాత్రి నిద్ర పట్టలేదురా, అతను గతంలో చేసిన తప్పులన్నీ ఒక్కొక్కటే తవ్వుకుంటూ రెండింటిదాకా పైకప్పు చూస్తూ పడుకున్నాను. అప్పుడు ఎందుకో నువ్వు గుర్తొచ్చావు. నీకు ఉద్యోగం వచ్చిందని ఫోన్ చేసిన రోజు నేను రోడ్డు మీదే గట్టిగా కేక పెట్టాను, గుర్తుందా? అప్పటికి నాకు ఉద్యోగం లేదు, చేతిలో పైసా లేదు, అయినా అసూయ అన్నదే లేదు, ఎందుకంటే నువ్వు నావాడివి. సూత్రంలో మైత్రి అన్నమాట అప్పుడు వెలిగింది. చాలామంది ఇక్కడ ముదిత అన్నమాట పట్టుకుని ఎదుటివాడి సుఖం చూసి సంతోషించాలని చెబుతుంటారు గానీ, వరసలో చూస్తే సుఖానికి జోడీ మైత్రి, ముదిత పుణ్యానికి. నాకు ఈ తేడా చాలా ముఖ్యమనిపించింది. బలవంతంగా సంతోషం తెచ్చుకోవడం నా వల్ల కాలేదు, స్నేహం చెయ్యడం మాత్రం వీలైంది. తర్వాతి వారం అతని పక్కన కూర్చుని కొత్త పని ఎలా ఉందని అడిగాను. రాత్రి పదకొండింటిదాకా పనేనట, ఇంటికెళ్లేసరికి పాప నిద్రపోయి ఉంటుందట. ఆ రోజుతో అసూయంతా పోయిందని చెప్పను గానీ, నిద్ర మాత్రం పట్టింది.

ఇప్పుడు నాన్న సంగతి. అడిగిందే పదిసార్లు అడుగుతారని విసుక్కున్నావు. ఆయనకి ఒక చెవి సరిగ్గా వినపడట్లేదనీ, పైకి ఒప్పుకోవడానికి మాత్రం మనసొప్పడం లేదనీ కూడా నువ్వే చెప్పావు. ఆయన్ని నువ్వు కావాలని విసిగించే మనిషి కింద లెక్కేశావురా. ఆయన దుఃఖంలో ఉన్న మనిషి. జీవితమంతా నలుగురికీ చెప్పిన గొంతు, ఇప్పుడు ఎదుటివాడు ఏమన్నాడో తెలియక, తెలియలేదని చెప్పలేక, మళ్లీ మళ్లీ అదే ప్రశ్న అడుగుతోంది. నాకు తెలిసినంతలో ఆ సూత్రంలో అసలు పని ఇదే, ఎదురుగా ఉన్న మనిషి ఆ నాలుగింటిలో ఎక్కడ ఉన్నాడో సరిగ్గా చూడటం. అక్కడ పొరబడితే ఎంత ప్రయత్నించినా కరుణ రాదు, కోపమే వస్తుంది.

ఉపేక్ష గురించి ఎక్కువ రాయను. అన్యాయం చూసి నోరు మూసుకోమన్నాడంటే నేను ఒప్పుకోను. చెయ్యాల్సింది చేసి, ఆ మనిషిని రాత్రంతా తలలో పెట్టుకుని మొయ్యకపోవడం అని నేను అర్థం చేసుకున్నా.

కోపం లేచిన ఆ క్షణంలో ఏం చెయ్యాలని అడిగావు కదా. దానికీ చెప్పాడు, రెండో అధ్యాయమైన సాధనపాదంలో, అక్కడ కూడా 33వ సూత్రమే. చెడు తలపు పీడిస్తుంటే దానికి ఎదురు నిలబడే భావన తెచ్చుకోమన్నాడు, ప్రతిపక్షభావన. ఆ వెంటనే వచ్చే సూత్రం నన్ను బాగా కదిలించింది. హింస మనం చేసిందే కానక్కర్లేదు, చేయించిందైనా, చూసి ఆమోదించిందైనా ఒకటేనట. కృత, కారిత, అనుమోదిత. ఒక్కోటీ లోభంతో, కోపంతో, మోహంతో కావచ్చు, కొంచెంగానో మధ్యస్థంగానో తీవ్రంగానో ఉండొచ్చు. ఈ సూత్రాలకి పాత వ్యాఖ్యానమైన వ్యాసభాష్యం ఇంకా లోపలికి వెళ్లి, ఆ కొంచెం, మధ్యస్థం, తీవ్రం మూడింటిలోనూ మళ్లీ మూడేసి రకాలు చూపించి, హింస ఒక్కదాన్నే 81 రకాలుగా లెక్కగట్టింది. లెక్క కోసం లెక్క కాదురా అది, మనం తప్పించుకునే సందులన్నీ మూసెయ్యడం.

అనుమోదిత అన్నమాట చదివిన రాత్రి నాకు మా బంధువుల వాట్సాప్ గ్రూపు గుర్తొచ్చింది. మా తమ్ముడి వరస కుర్రాడు పరీక్ష తప్పితే ఎవరో వెటకారంగా ఒక మెసేజ్ పెట్టారు. నేనేం అనలేదు, కింద నవ్వుతున్న బొమ్మ ఒకటి నొక్కాను, అంతే. లెక్కపెడితే అలాంటివి పదకొండు ఉన్నాయి, అందులో ఒకటి నాది. మర్నాడు వాడు గ్రూపులోంచి వెళ్లిపోయాడు. నేను ఒక్క మాట అనకుండానే వాణ్ణి కొట్టాను. ఆ బొమ్మ తీసేసి వాడికి ఫోన్ చేశాను, మూడోసారికి ఎత్తాడు. సారీ చెప్పాను, "పర్లేదన్నా" అన్నాడు. పర్లేదని వాడి గొంతులో నాకు వినపడలేదు. ఇప్పుడు వారానికోసారి మాట్లాడుతున్నాను.

నీ చేతులు వణికిన సంగతి కూడా ఉంది తెలుసా. మనసు చెదిరినప్పుడు దానితోపాటు దుఃఖం, దిగులు, ఒళ్లు వణకడం, ఊపిరి అదుపు తప్పడం వస్తాయని మొదటి పాదంలోనే రాశాడు. అందుకే మైత్రీకరుణలు చెప్పిన సూత్రం పక్కనే ఊపిరి మాట ఎత్తాడు, గాలిని బయటికి వదలడం, నిలపడం కూడా ఒక దారి అని. నేను నిలపడం జోలికి పోను, అది నేర్పేవాళ్ల దగ్గరే నేర్చుకోవాలి. వదలడం మాత్రం చేస్తాను. నాన్న మూడోసారి అడిగినప్పుడు, జవాబు చెప్పేముందు ఊపిరి పూర్తిగా, నెమ్మదిగా వదిలెయ్. పొట్ట లోపలికి వెళ్లేదాకా. అరవాలంటే ఛాతీ నిండా గాలి కావాలి కదా, అది అప్పటికి ఉండదు. తర్వాత ఆయన ముఖం వైపు తిరిగి, నీ పెదాలు ఆయనకి కనపడేలా, నిదానంగా చెప్పు.

ఒకటి రెండు సార్లు తప్పుతావు. నేనూ తప్పుతుంటాను. అభ్యాసం గట్టిపడాలంటే చాలా కాలం, ఎడతెగకుండా, శ్రద్ధతో చెయ్యాలని మూడు షరతులు పెట్టాడు, ఆరు నెలలని ఎక్కడా రాయలేదు. క్లాసు మాత్రం మానకు, నడుం బాగుంటేనే కాసేపు కుదురుగా కూర్చోగలం.

చెవి డాక్టరుకి చూపించడం మాత్రం ఇంక వాయిదా వెయ్యొద్దు. నువ్వు చెబితే ఆయన వినకపోవచ్చు, నేను శనివారం పొద్దున్న ఫోన్ చేసి మాట్లాడతా, నా మీద ఆయనకి మొదటి నుంచీ కాస్త అభిమానం. ఆయన నంబర్ పాతదేనా, మారిందా? మెసేజ్ పెట్టు.

ఉంటానురా.