నలభై అయిదు పైసలకు నెక్లెస్ రాదు

సంపాదకులకు,

గత ఆదివారం మూడో పేజీలో ‘వేసవి ప్రయాణానికి బీమా ధీమా’ అంటూ అయిదు కాలమ్‌ల వార్త వేశారు. రైలు టికెట్టుతో పాటు 45 పైసలు కడితే సామాను దొంగలపాలైనా పరిహారం వస్తుందని అందులో ఉంది. సవరణ వేస్తారేమోనని వారం రోజులు చూశాను. వెయ్యలేదు. ఈలోగా ఆ కటింగు వాట్సాప్‌లో ఊరంతా తిరిగేసింది. అది నమ్మి బీరువాలో ఉండాల్సిన నగల్ని బ్యాగులో సర్దుకునేవాళ్లు ఎందరో.

ఆ 45 పైసల బీమా మనిషికి, సామానుకు కాదు. రైలు ప్రమాదంలోనో, రైల్వే చట్టం 124ఏ సెక్షన్ చెప్పే అవాంఛనీయ ఘటనలోనో ప్రాణం పోతే 10 లక్షలు, శాశ్వతంగా పూర్తి వైకల్యం వస్తే 10 లక్షలు, పాక్షికమైతే ఏడున్నర లక్షలు, ఆస్పత్రి ఖర్చుకు 2 లక్షల దాకా, భౌతికకాయం తరలింపుకు 10 వేలు. ఉన్నవి ఆ అయిదు పద్దులే. దోపిడీ అనే మాట ఆ నిబంధనల్లో ఉన్నమాట నిజమే. దొంగలు కొడితే తగిలిన దెబ్బలకు ఇస్తారు. మెడకు బీమా ఉంది, మెడలో గొలుసుకు లేదు. మీ విలేకరి ‘దోపిడీ’ దాకా చదివి పుస్తకం మూసేసినట్టున్నారు. పాఠకులకు పనికొచ్చే ముక్క ఒకటుంది, అది మాత్రం రాయలేదు. టికెట్టు బుక్ అయ్యాక బీమా కంపెనీ నుంచి ఒక లింకు వస్తుంది, అందులో నామినీ వివరాలు నింపాలి. దాన్ని ఏదో ప్రకటన అనుకుని చెరిపేసేవాళ్లే ఎక్కువ.

పోనీ రైల్వే ఇస్తుందా? 1989 రైల్వే చట్టం సెక్షన్ 100 తీయండి. బుక్ చేసి రశీదు తీసుకోని సామానుకు రైల్వే పూచీ లేదు. మనతో పాటు ఉంచుకున్నదైతే, ఉద్యోగి నిర్లక్ష్యం వల్లే పోయిందని మనమే రుజువు చెయ్యాలి. కాశీ విశ్వనాథ్ ఎక్స్‌ప్రెస్‌లో నడుముకు కట్టుకున్న బెల్టులోని లక్ష రూపాయలు పోయాయని ఒక ప్రయాణికుడు కేసు వేసి, జిల్లా ఫోరం నుంచి జాతీయ కమిషన్ దాకా గెలిచాడు. 2023 జూన్‌లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. తన సొమ్ము తానే కాపాడుకోలేకపోతే అది రైల్వే సేవాలోపం కాదంది.

ఇక విడిగా ట్రావెల్ పాలసీ కొన్నవాళ్ల సంగతి. యూరప్ దేశాలు తిరగడానికి ఇచ్చే షెంగెన్ వీసాకు 30 వేల యూరోల వైద్య బీమా తప్పనిసరి కాబట్టి అందరూ కొంటారు. వీసా గట్టెక్కించే అతి చవక పాలసీ ఏదో అదే కొంటారు. అందులో సామాను మాట ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. ఉన్నా అది చాలావరకు విమానంవాళ్లకు అప్పగించిన పెట్టెకే. ఆ పెట్టెలో కూడా నగలు, వాచీలు, కెమెరాలు, ఫోన్లు, నగదు చాలా పాలసీల్లో మినహాయింపు జాబితాలోనే కూర్చుంటాయి. అంటే మనకు విలువైనవన్నీ తీసేస్తే మిగిలిన బట్టలకు బీమా. ఆ బట్టలకైనా పూర్తిగా ఇస్తారా? సామాను పరిమితి 500 డాలర్లు, ఒక్కో వస్తువుకు అందులో పదో వంతు అని ఉందనుకోండి. ఇరవై వేల పట్టుచీర పోతే వచ్చేది 50 డాలర్లు, అంటే నాలుగు వేల పైచిలుకు. అందులోంచి వాడకం కింద తరుగు తీస్తారు. నగల షాపువాడూ తరుగంటాడు, బీమావాడూ తరుగంటాడు, ఇద్దరి దగ్గరా తరిగేది మనదే. విమాన సంస్థ ఇచ్చిన సొమ్మును కూడా మినహాయించి మిగతాది లెక్క కడతారు.

పెట్టె రాలేదని తెలిసిన వెంటనే, విమానాశ్రయంలో సామాను వచ్చే బెల్టు దగ్గర నుంచి కదలకముందే, విమాన సంస్థ కౌంటర్‌లో పీఐఆర్ అనే ఫిర్యాదు కాగితం రాయించుకోవాలి. బయటికొచ్చి కారెక్కాక ఫోన్ చేస్తే ఆ కాగితం పుట్టదు, అది లేకుండా బీమా ఫైలు కదలదు. దాంతో పాటు బోర్డింగ్ పాసు, పెట్టె ట్యాగు తునక పారేయకూడదు. పెట్టె దెబ్బతింటే 7 రోజుల్లో, ఆలస్యంగా అందితే అందిన 21 రోజుల్లో రాతపూర్వకంగా ఫిర్యాదు చెయ్యాలి. రావాల్సిన రోజు నుంచి 21 రోజులు దాటినా రాకపోతే పోయినట్టే లెక్క. దేశంలోపలి విమానాల్లో సంస్థ ఇచ్చేది 20 వేల రూపాయల దాకానే. విదేశీ ప్రయాణాలకు మాంట్రియల్ ఒప్పందం ప్రకారం 2024 డిసెంబర్ 28 నుంచి 1,519 ఎస్‌డీఆర్‌లు (అంతర్జాతీయ ద్రవ్యనిధి వాడే లెక్క యూనిట్లు), మన లెక్కలో లక్షన్నర దాటుతుంది. ఇవి గరిష్ఠ పరిమితులు మాత్రమే. పోయిన ప్రతి పెట్టెకూ అంత చేతిలో పెడతారని ఇంకో వార్త వెయ్యకండి.

సామాన్యుడి క్లెయిమ్ చచ్చేది ఎక్కువగా పోలీస్ స్టేషన్‌లో. రైలు సరిహద్దులోని తడ దాటాక పోయిందా, ముందే పోయిందా? ఇచ్ఛాపురమా, బరంపురమా? ప్రయాణికుడు నిద్రలో ఉన్నాడు, అతనికేం తెలుస్తుంది? ‘మా పరిధి కాదు, వెనక స్టేషన్‌కు వెళ్లండి’ అనే పాట ఏళ్ల తరబడి పాడారు. 2024 జూలై 1 నుంచి పాత సీఆర్‌పీసీ స్థానంలో అమల్లోకి వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్ చట్టం సెక్షన్ 173 ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకోవాలి, ఎఫ్‌ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాలి. ఈ-మెయిల్‌లో పంపినా తీసుకోవాలి, మూడు రోజుల్లో వెళ్లి సంతకం పెడితే చాలు. తీసుకోకపోతే ఎస్పీకి పోస్టులో పంపొచ్చు. రైల్లో ఉండగానే అయితే 139కి ఫోన్ చెయ్యండి. టీటీఈ దగ్గర, ఎస్కార్ట్ పోలీసుల దగ్గర ఫిర్యాదు ఫారాలుంటాయి, నింపి ఇస్తే వాళ్లే తర్వాతి రైల్వే పోలీస్ స్టేషన్‌కు చేరుస్తారు. ప్రయాణం మధ్యలో దిగక్కర్లేదు. ఈ సంగతి ఏ బోగీ గోడ మీదైనా తెలుగులో, కనపడే అక్షరాల్లో రాసి ఉందేమో ఎవరైనా చూపించండి.

రాసుకున్నా, రాసే పద్ధతి ఇంకోటి. దొంగతనం కేసు పెరిగితే స్టేషన్ లెక్కల్లో మచ్చ. అందుకని ‘ఎక్కడో పడిపోయిందని రాద్దాం లెండి, త్వరగా అయిపోతుంది’ అంటారు. జనం సరేనంటారు. జీడీలో, అంటే స్టేషన్ డైరీలో, ఒక ఎంట్రీ, చేతిలో ఒక చీటీ. ఆ చీటీ కొత్త సిమ్ కార్డు తీసుకోవడానికి పనికొస్తుంది, బీమాకు పనికిరాదు. చాలా పాలసీలు దొంగతనానికే ఇస్తాయి, పారేసుకున్నదానికి ఇవ్వవు. పైగా 24 గంటల్లో పోలీసులకు చెప్పాలని ఉంటుంది. కాబట్టి జరిగింది దొంగతనమైతే దొంగతనమనే రాయించాలి. పోయిన వస్తువులన్నీ ఆ మొదటి ఫిర్యాదులోనే ఉండాలి. ఇంటికొచ్చాక గుర్తొచ్చిన ఉంగరం క్లెయిమ్ ఫారంలో చేరిందంటే నష్టం లెక్కగట్టే సర్వేయర్ కన్ను ముందు దానిమీదే పడుతుంది, ఆ వెంటనే మిగతావాటి మీదా. బ్యాంకాక్‌లో అయితే టూరిస్ట్ పోలీసు నంబరు 1155. అక్కడ రిపోర్టు ఇంగ్లీషులో అడిగి తీసుకోవాలి, లేకపోతే ఇక్కడికొచ్చి థాయ్ చదివేవాళ్ల కోసం తిరగాలి.

క్లెయిమ్ ఫారంలో ‘ఘటన వివరం’ అనే నాలుగు గీతల గడి ఉంటుంది. అక్కడ మనవాళ్లు అలవాటుగా రాసే వాక్యం: ‘బ్యాగు సీటు మీద పెట్టి బాత్రూంకి వెళ్లి వచ్చేసరికి లేదు.’ అంతే, ఫైలు మూసేస్తారు. కనిపెట్టుకుని ఉండకుండా వదిలేసిన సామానుకు పాలసీ వర్తించదు. అప్పుడు నిజంగా పక్కన భార్యో తమ్ముడో కూర్చుని ఉంటే ఆ సంగతి రాయాలి కదా! రాయరు. అప్పీలులో చెబితే అప్పుడు అల్లారంటారు. అబద్ధం రాయమని నేను చెప్పడం లేదు. ఉన్న నిజాన్ని సగంలో ఆపొద్దంటున్నాను.

తర్వాత బిల్లు. లక్ష రూపాయల నగకు మూడు శాతం జీఎస్టీ, మూడు వేలు మిగులుతాయని తెల్లచీటీ మీద ‘ఎస్టిమేట్’ రాయించుకుని ఇంటికొస్తారు. నగ పోయిన రోజున ఆ చీటీ విలువ చీటీ అంతే. అత్తగారిచ్చిన గొలుసుకు అదీ ఉండదు. 2023 ఏప్రిల్ 1 నుంచి హాల్‌మార్క్ నగల్ని ఆరు అక్షరాలూ అంకెలూ కలిసిన హెచ్‌యూఐడీ అనే గుర్తింపు నంబరు లేకుండా అమ్మకూడదు. ఆ నంబరును లెన్సు పెట్టి చూసి ఒకచోట రాసుకోండి, నగ ఒంటిమీద ఉన్న ఫొటో ఒకటి దగ్గర పెట్టుకోండి. పాత నగలకు వాల్యుయర్ దగ్గర విలువ పత్రం ప్రయాణానికి ముందు తీసుకోవాలి, పోయాక దేన్ని తూస్తాడు? ఫోనుకైతే పెట్టె మీది ఐఎంఈఐ నంబరు, ఫిర్యాదు నకలుతో ప్రభుత్వ సీఈఐఆర్ పోర్టల్‌లో బ్లాక్ చేయించిన రుజువు. నిజంగా నగలు వేసుకునే పెళ్లికి వెళ్లేవాళ్లు ట్రావెల్ పాలసీని నమ్ముకోకుండా, నగలకే విడిగా ‘ఆల్ రిస్క్’ బీమా ఉంటుంది, అది అడగాలి. ఏజెంటు తనంతట చెప్పడు. ఎందుకు చెబుతాడు? కార్ల పాలసీ అమ్ముకునే తొందరలో ఉంటాడు.

కంపెనీలూ తక్కువ తినలేదు. ఒక్కో ఉత్తరంలో ఒక్కో కాగితం అడుగుతారు. ముందు ఎఫ్‌ఐఆర్, తర్వాత ‘ఆచూకీ దొరకలేదు’ అనే తుది నివేదిక, ఆ తర్వాత అసలు బిల్లు, చివరికి ఆ బిల్లు కట్టిన బ్యాంకు స్టేట్‌మెంట్. తుది నివేదిక కోసం స్టేషన్ చుట్టూ ఎన్ని నెలలు తిరగాలో పోలీసులకూ కంపెనీకీ ఇద్దరికీ తెలుసు. కాగితాలు లేవన్న కారణంతో క్లెయిమ్ తిరస్కరించకూడదని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024 జూన్ మాస్టర్ సర్క్యులర్‌లో చెప్పింది. తప్పని కారణంతో ఆలస్యంగా తెలియజేస్తే ఆ ఒక్క వంకతో కొట్టేయొద్దని 2011 సెప్టెంబర్‌లోనే చెప్పింది. ఆ నియంత్రణ సంస్థ ప్రధాన కార్యాలయం ఉన్నది మన హైదరాబాద్ నానక్‌రామ్‌గూడలోనే. అయినా చేతికొచ్చే పాలసీ పుస్తకంలో తెలుగు ముక్క కనపడదు. ప్రకటనలు మాత్రం అచ్చ తెలుగులో, తారలతో.

తిరస్కరిస్తే ముందు కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాతపూర్వకంగా పంపి నెల ఆగాలి. జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా, ఏడాదిలోగా హైదరాబాద్ లక్డీకాపూల్‌లోని బీమా అంబుడ్స్‌మన్ (బీమా ఫిర్యాదులు విని తేల్చే అధికారి) దగ్గరకు వెళ్లొచ్చు. రెండు రాష్ట్రాలకూ, యానానికీ అదే కార్యాలయం. 50 లక్షల దాకా వింటారు. రుసుము లేదు, వకీలు అక్కర్లేదు. ఆ అయిదు కాలమ్‌ల వార్తలో దీనికి ఒక్క వాక్యం దక్కలేదు. కంపెనీ ప్రతినిధి ఫొటోకు మాత్రం చోటు దొరికింది.

సవరణ వేసేటప్పుడు ఇంకోటి కూడా చూడండి. ఐఆర్‌డీఏఐ ఫిర్యాదుల నంబరు 155255. ఆరంకెలే. మీరు ఏడు వేశారు.

— సాధారణ బీమా సంస్థ విశ్రాంత ఉద్యోగి, కాకినాడ