రాజాంలో ఉన్న సత్తిబాబుకి

పర్లాకిమిడి,
ఆదివారం

ఒరేయ్ సత్తీ,

నీ వాయిస్ మెసేజ్ విన్నాను. ఏఐ పెట్టుకుని కంప్యుటేషన్, అంటే కంప్యూటర్‌తో లెక్కగట్టడం, ఎలా చెప్పాలో లెక్చరర్లకి ట్రైనింగ్ ఇవ్వాలని మీ ప్రిన్సిపాల్ ఆ పని నీ నెత్తిన పెట్టాడన్నమాట. మా దగ్గర ఈమధ్యే అయింది కదా, ఎలా జరిగిందో చెప్పమన్నావు. ఫోన్లో అయితే మనం అసలు సంగతికి ఎప్పటికీ రాం. అందుకే రాస్తున్నాను.

మొదటి పూట సంగతి వదిలెయ్. బయటి నుంచి వచ్చినాయన స్లైడ్లు వేశాడు. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చింది, ప్రాంప్ట్, అంటే ఏఐని మనం అడిగే మాట, ఇలా రాయాలి, అలా రాయకూడదు. కెమిస్ట్రీ మేడం ఇంటర్నల్ పేపర్లు దిద్దుకుంది. జువాలజీ మాస్టారికి సర్టిఫికెట్ ఎప్పుడిస్తారన్నదే టెన్షన్, ప్రమోషన్ ఫైల్లో పెట్టుకోవాలి మరి.

భోజనాలయ్యాక అసలు సరుకు మొదలైంది. ఎవరి లాబ్ రికార్డులోంచి వాళ్ళు ఒక ప్రయోగం తీసుకోవాలి, జవాబు ముందే తెలిసినదై ఉండాలి. మేం లోలకం తీసుకున్నాం. మీటరు పొడవు, 10 డిగ్రీలు పక్కకి లాగి వదలడం. కోడ్ నడిపే ముందు ఏం రావాలో కాగితం మీద రాయమన్నారు. ఒక ఊపుకి సుమారు 2 సెకన్లు, కోణం 10 దాటదు అని రాశాం. తర్వాత, కొత్తగా నేర్చుకునే పిల్లలకి అర్థమయ్యేలా చిన్న పైథాన్ కోడ్ ఇమ్మని ఏఐని అడిగాం. చిటికెలో ఇచ్చింది. కోలాబ్‌లో (బ్రౌజర్లోనే పైథాన్ నడిపే గూగుల్ సైటు) పెడితే ఒక్క ఎర్రర్ లేదు, గ్రాఫ్ ముచ్చటగా వచ్చింది. అందరం ఫోన్లు తీసి ఫోటోలు కొడుతుంటే కెమిస్ట్రీ మేడం పేపర్లలోంచి తలెత్తి, "అదేటి మాస్టారూ, ఎవరూ తొయ్యకుండానే పైపైకి పోతంది?" అంది.

నిజమేరా! 10 సెకన్లు తిరిగేసరికి ఊపు 16 డిగ్రీలకి వచ్చేసింది. ఏఐ రాసింది మామూలు ఆయిలర్ పద్ధతి, అంటే కాలాన్ని చిన్న చిన్న అడుగులుగా కోసి ఒక్కో అడుగుకీ లెక్కగట్టడం. ఇక్కడ ఒక అడుగంటే 0.01 సెకను. త్వరణం లెక్కగట్టి, పాత వేగంతోనే కోణం మార్చేసి, ఆ తర్వాత వేగం మారుస్తోంది. దాంతో అడుగడుక్కీ శక్తి కాస్త కాస్త పెరిగి, 1000 అడుగులకి రెండున్నర రెట్లు దాటింది. ఇంకా తమాషా ఏంటంటే, ఊపు పెరిగిపోతోంది సరిచెయ్యమని అడిగితే క్షమాపణ చెప్పి గాలి నిరోధం కలిపింది. గ్రాఫ్ బుద్ధిగా సర్దుకుంది, తప్పు మాత్రం కింద అలాగే ఉంది. గాలి తీసేయించి, చివరి రెండు లైన్లూ అటూ ఇటూ మార్చాం. ముందు వేగం, తర్వాత ఆ కొత్త వేగంతో కోణం. అంతే, 10 దగ్గర కుదురుకుంది.

ఆ మేడంకి పైథాన్ ముక్క కూడా రాదు. కానీ లోకంలో లోలకం ఎలా ఊగుతుందో తెలుసు. అందుకే చెప్తున్నాను, మీ ట్రైనింగ్‌లో కంప్యూటర్ వాళ్ళందర్నీ ఒక బెంచీ మీద కూర్చోపెట్టకు. ఒక్కో మెషీన్ దగ్గర కోడ్ తెలిసినవాళ్ళొకరు, సబ్జెక్ట్ తెలిసినవాళ్ళొకరు ఉండాలి. ప్రాంప్ట్‌ల క్లాసు అరగంట చాలు, ఎలాగూ ఆర్నెల్లకోసారి ఆ పద్ధతులు మారిపోతున్నాయి.

మార్కుల గొడవ మీ దగ్గరా వస్తుంది. ఏఐని నిషేధించాలని మాలో సగంమంది. పిల్లాడి జేబులో ఫోన్ ఉండగా నిషేధమేంటో నాకర్థం కాలేదు. నేనైతే ఏఐ రాసిన కోడే చేతికిచ్చి, ఇందులో తప్పు పట్టుకో అంటున్నాను. వైవాలో ఒక లైన్ మార్చి, ఇప్పుడు గ్రాఫ్ ఎటు పోతుందో నడపకుండా చెప్పమంటున్నాను. వినడానికి చిన్నదే గానీ, కాపీ కొట్టినవాడు అక్కడే దొరికిపోతాడు. కాకపోతే వైవాకి టైం రెట్టింపు పడుతోంది, అది నిజం.

మా పిల్లల్లో చాలామందికి ల్యాప్‌టాప్ లేదు. కోలాబ్ ఫోన్ బ్రౌజర్లోనూ నడుస్తుంది కాబట్టి సరిపోయింది, టైప్ చెయ్యడమే నరకం. పాతపట్నం వైపు నుంచి వచ్చేవాళ్ళు కోడ్‌లో కామెంట్లు (కోడ్ మధ్యలో రాసుకునే వివరణలు) తెలుగులో, మిగతావాళ్ళు ఒడియాలో రాసుకుంటున్నారు. పైథాన్ 3లో వేరియబుల్ పేరే "వేగం" అని పెట్టొచ్చని చూపిస్తే ఎంత సంబరపడ్డారనుకున్నావ్! ఒకడు "బామ్మర్ది" అని పెట్టాడు, అదీ నడిచింది.

ఒక్కటి మాత్రం మొదటి గంటలోనే గట్టిగా చెప్పు. పిల్లల పేర్లు, రోల్ నంబర్లు ఉన్న మార్కుల షీటు ఎవరూ చాట్‌లో పెట్టకూడదు. మనవాళ్ళు యావరేజ్ కట్టడానికి మొత్తం షీటు దాంట్లో పోసేసే రకం.

మీ ఫిజిక్స్, స్టాటిస్టిక్స్ రికార్డుల్లో ప్రయోగాల జాబితా ఫోటో తీసి పంపు, జవాబు చటుక్కున సరిచూసుకోడానికి వీలైనవి ఏరిపెడతాను. తేదీ ఖాయమైతే పాతపట్నం మీదుగా బస్సులో వచ్చేస్తాను. టీఏ సంగతి మీ ప్రిన్సిపాల్‌తో నువ్వే మాట్లాడు, నాకు మొహమాటం.

నీ
రమణ